మూడో ర్యాంకు హంతకుడు, కుక్కర్‌లో అన్నం

ఇంటర్లో మా కాలేజీలో ప్రతి సోమవారం పొద్దున్నే నోటీసు బోర్డు మీద ర్యాంకులు అంటించేవాళ్ళు. ఆదివారం పరీక్ష, సోమవారం జాబితా. విజయవాడ దగ్గర హాస్టల్ కాలేజీ. పేరు అనవసరం, అప్పట్లో అన్నీ ఒకేలా ఉండేవి. నా పేరు ఎప్పుడూ నలభై దాటాకే కనిపించేది కాబట్టి నాకు పెద్దగా టెన్షన్ లేదు. టెన్షనంతా మూడో ర్యాంకు వాడిది. వాడిది నా పక్క మంచం. మొదటి ర్యాంకు వాడు ఎప్పుడు పడుకుంటాడో, ఎన్నింటికి లేస్తాడో, టిఫిన్‌కి ఎన్ని ఇడ్లీలు తింటాడో అన్నీ వీడికి తెలుసు. రాత్రి రెండింటికి లేచి, వరండాలోకెళ్ళి అవతలి గదిలో లైటు వెలుగుతోందా లేదా చూసొచ్చేవాడు. వెలుగుతోందంటే తనూ పుస్తకం తెరిచేవాడు. ఏడాది చివర్లో తెలిసిందేమిటంటే, ఆ మొదటి ర్యాంకు వాడికి చీకటంటే భయం. లైటు వేసుకునే నిద్రపోతాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక జపనీస్ గ్యాంగ్‌స్టర్ సినిమా చూస్తుంటే ఈ పక్క మంచం వాడు గుర్తొచ్చి నవ్వాగలేదు. 1967లో వచ్చిన నలుపు తెలుపు సినిమా. పేరు ‘కొరోషి నో రకుయిన్’, హత్య వేసిన చెరగని ముద్ర అని చెప్పుకోవచ్చు. బయటి దేశాల్లో ‘బ్రాండెడ్ టు కిల్’ అన్న పేరుతో తెలుసు. తీసినవాడు సీజున్ సుజుకి, తీయించింది నిక్కత్సు అనే పాత స్టూడియో. నిడివి గంటన్నర. ఇందులో గోరో హనాదా అనే కిరాయి హంతకుడు ఉంటాడు. అతని లోకంలో హంతకులకు ర్యాంకులుంటాయి. అతనిది మూడు.

ఈ సినిమా గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట ఒకటే: ‘అర్థం కాదు, కానీ చూడాలి.’ ఇష్టపడేవాళ్ళు ఆ మాటను మెచ్చుకోలుగా అంటారు. కథను వెతక్కూడదు, దృశ్యాలను అనుభవించాలి, అదొక కల, అదొక జాజ్ పాట అని. నాకు ఈ మాట మొదటినుంచీ నచ్చదు. ఎందుకంటే ఈ సినిమా తీసినందుకు సుజుకి ఉద్యోగం ఊడింది, ఊడగొట్టిన యజమాని చెప్పిన కారణం కూడా సరిగ్గా ఇదే, అర్థం కావడం లేదని. యజమాని తిట్టుగా అన్నదాన్ని అభిమానులు పొగడ్తగా మార్చుకున్నారు తప్ప ఇద్దరూ అంటున్నది ఒకటే. ఇద్దరూ తప్పని నా వాదన. ఇది చాలా తేలిగ్గా అర్థమయ్యే సినిమా. ర్యాంకు పిచ్చి పట్టిన ఒక ఉద్యోగి కథ. కాకపోతే ఆ ఉద్యోగం మనుషుల్ని చంపడం.

కథ చెప్తాను. హనాదా, అతని భార్య మామి విమానం దిగుతారు. పాత స్నేహితుడొకడు ఎదురొస్తాడు. ఒకప్పుడు హంతకుడే, తాగుడు వల్ల వృత్తిలోంచి పడిపోయాడు, ఇప్పుడు టాక్సీ నడుపుతున్నాడు. ఒక పెద్దమనిషిని క్షేమంగా గమ్యానికి చేర్చే పని ఉంది, నువ్వూ రా అంటాడు. దారిలో మాటు వేసినవాళ్ళలో రెండో నంబరువాడూ నాలుగో నంబరువాడూ ఉంటారు. స్నేహితుడు పోతాడు, నాలుగోవాడు పోతాడు, రెండోవాడు ఒళ్ళంతా మంటలతో పరిగెత్తి పోతాడు. అంటే హనాదాకు పైన ఒక ఖాళీ ఏర్పడింది. హనాదా చూడని సమయంలో ఆ పెద్దమనిషి తుపాకీ పట్టుకుని మాటు వేసినవాళ్ళలో ముగ్గురిని తనే లేపేస్తాడు. అతనెవరో సినిమా చివర్లో గానీ తెలియదు, నేను ఇప్పుడే చెప్పేస్తున్నా, యాభై ఏళ్ళు దాటిన సినిమాకి సస్పెన్సేమిటి? అతనే మొదటి నంబరు. మూడో ర్యాంకు వాడు మొదటి ర్యాంకు వాడికి కాపలా కాసి, రక్షించానని పొంగిపోయాడన్నమాట.

తర్వాత వరుసగా పనులు వస్తాయి. సినిమాలో అందరికీ గుర్తుండిపోయే భాగం ఇదే. ఒక కస్టమ్స్ అధికారిని చంపాలి. రోడ్డు పక్కన సిగరెట్ లైటర్ ప్రకటన బోర్డు, దాని మూత యంత్రంతో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. హనాదా ఆ బోర్డు వెనక కూర్చుని, మూత తెరుచుకున్న క్షణంలో కాలుస్తాడు. తర్వాత ఒక కంటి డాక్టరు. డాక్టరు మేడ మీద వాష్‌బేసిన్ దగ్గర వంగుతాడు. హనాదా కింద అంతస్తులో అదే బేసిన్ గొట్టం ఊడదీసి, అందులో తుపాకీ పెట్టి పైకి కాలుస్తాడు. గుండు నీళ్ళు పోయే దారిలోంచి వచ్చి డాక్టర్ని తీసుకుపోతుంది. మూడోది ఒక వజ్రాల వ్యాపారి. అతన్ని కాల్చి, కిటికీలోంచి దూకి, ప్రకటన కోసం ఎగరేసిన బెలూన్ పట్టుకుని పోతాడు.

ఈ మూడూ చూసి నవ్వు రావాలా, జలదరించాలా? ప్లంబర్ పనిలాంటి హత్య అది. అతని ముఖంలో క్రూరత్వం లేదు, పగ లేదు, నల్లా లీకవుతుంటే బాగుచేసేవాడి శ్రద్ధ ఉంది. మన సినిమాల్లో నవ్వు వేరు, నెత్తురు వేరు. రౌడీలు నరుక్కున్నాక కమెడియన్ వచ్చి మనల్ని తేలికపరిచి వెళ్తాడు. సుజుకి దగ్గర ఆ విభజన లేదు, నెత్తురూ నవ్వూ ఒకే గొట్టంలోంచి వస్తాయి.

ఇక అన్నం సంగతి. హనాదాకు ఒక అలవాటుంది. అన్నం ఉడుకుతున్న వాసన పీలిస్తే గానీ అతనికి ఉత్సాహం రాదు. బారుకెళ్ళినా అన్నం వండమంటాడు. కుక్కర్ మూత తీసి, ఆవిరిలో ముఖం పెట్టి, కళ్ళు మూసుకుని పీలుస్తాడు. ఆ తర్వాతే భార్య దగ్గరికి. పడమటి విమర్శకులు ఈ సినిమా గురించి రాసినప్పుడల్లా దీన్నొక వింత వికారంగా, సినిమా ‘అర్థం కాకపోవడానికి’ మొదటి రుజువుగా చూపిస్తారు. సుజుకిని అడిగితే, హంతకుడు అచ్చమైన జపాన్‌వాడిలా ఉండాలని పెట్టానన్నాడు. ఇటలీ వాడైతే మాకరోనీ పెట్టేవాణ్ణన్నాడు. అంతే. ఇందులో రహస్యం ఏముంది?

నేను రెండోసారి చూస్తున్నప్పుడు అమ్మ హాల్లోంచి వెళ్తూ సరిగ్గా ఈ సీను దగ్గర ఆగింది. భాష తెలియదు, కథ తెలియదు. కాసేపు చూసి, “కొత్త బియ్యమేమో రా, వాసన చూసుకుంటున్నాడు, ముద్దయిపోతుందని” అంది. ఇంకాసేపాగి, “పాపం పెళ్ళాం సరిగ్గా పెట్టట్లేదా?” అంది. నేను చదివిన విమర్శలన్నిటిలోనూ ఇంత దగ్గరగా వచ్చినది లేదు. ఆకలి, భార్య, అన్నం, మగతనం అన్నీ ఒకే కుక్కర్లో పెట్టాడు సుజుకి. కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ తేడా తెలిసిన ఏ ఊళ్ళోవాళ్ళకైనా అది వింతగా అనిపించదు, కాస్త సిగ్గుగా అనిపిస్తుంది. గంజి వార్చేటప్పుడు వంటింటి గుమ్మం దగ్గర ఊరికే నిలబడ్డ పిల్లలం మనమందరం.

ఆ వేషం వేసినవాడి గురించి కూడా చెప్పాలి. జో షిషిదో. 1950ల్లో, చూడ్డానికి మామూలు అందగాడిలా ఉన్నానని, బుగ్గలకు ఆపరేషన్ చేయించుకుని ఉబ్బించుకున్నాడు. రెండు వైపులా చెరో లడ్డూ దాచుకున్నట్టుంటాడు. నిక్కత్సులో ఎక్కువగా విలన్ వేషాలు, పక్క వేషాలు. స్టూడియో ప్రధాన హీరోలు వేరే. అంటే అతనూ ఒక మూడో నంబరే. ఈ బుగ్గల మనిషి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గంభీరంగా నడుస్తుంటే సినిమాకి జోకులు రాయక్కర్లేదు.

నాలుగో పని దగ్గర కథ తిరుగుతుంది. మిసాకో అనే అమ్మాయి అడుగుతుంది, ఒక విదేశీయుణ్ణి చంపమని. అంతకుముందు మొదటిసారి కనిపించినప్పుడు వర్షంలో టాప్ లేని కారులో తడుస్తూ వస్తుంది. కారు అద్దానికి చచ్చిన పిట్ట వేలాడుతుంటుంది. చావడమే తన ఆశ అంటుంది. హనాదా గురి పెట్టాడు, కాల్చబోతున్నాడు, సరిగ్గా అప్పుడు ఒక సీతాకోకచిలుక వచ్చి తుపాకీ మీద వాలింది. గురి తప్పింది. దారిన పోయే మనిషి చచ్చాడు. దాంతో హనాదా ర్యాంకు పోయింది. ఆ లోకంలో పని చెడగొట్టినవాణ్ణి ఊరికే వదలరు, చంపుతారు. మొదట ప్రయత్నించేది సొంత భార్యే. కాల్చి, ఇల్లు తగలబెట్టి పోతుంది. అతను బతికింది బెల్టు బకిల్‌కి గుండు తగలడం వల్ల.

సీతాకోకచిలుక ప్రతీక అంటూ పేజీలు రాసినవాళ్ళున్నారు. విధి, అందం, స్త్రీ, మరణం. కావచ్చు. నాకైతే అక్కడ కనిపించేది ఏడాదంతా ఒళ్ళు దాచుకోకుండా పనిచేసి, ఒక్క చిన్న పొరపాటుతో అప్రైజల్లో కిందికి జారిన మనిషి. నిన్నటిదాకా పని తెచ్చిచ్చిన బ్రోకర్ ఇవాళ ముఖం చాటేస్తాడు. ఫోన్ మోగితే ఉలిక్కిపడాలి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్ళను ‘బెంచ్ మీద ఉన్నాడు’ అనేవాళ్ళం. వాళ్ళతో క్యాంటీన్లో కూర్చోడానికి కూడా జంకేవాళ్ళం, అంటుకుంటుందేమోనని.

అసలు సినిమా అక్కణ్ణుంచి మొదలవుతుంది. మొదటి నంబరువాడు వస్తాడు. నిన్ను చంపుతానని ముందే చెప్తాడు. చంపడు. ఫోన్ చేస్తాడు. బయటికి రావద్దంటాడు. హనాదా మిసాకో ఇంట్లో బిగుసుకుని కూర్చుని కిటికీలోంచి తొంగి చూస్తూ గడుపుతాడు. చివరికి మొదటి నంబరు నేరుగా ఇంట్లోకే వచ్చి, ఇద్దరం కలిసుందాం అంటాడు. కలిసుంటారు! ఒకరినొకరు చంపుకోవాల్సిన ఇద్దరు హంతకులు చెయ్యీ చెయ్యీ మెలేసుకుని తిరుగుతారు, పాయిఖానాకి కూడా అలాగే పోతారు, ఒకే మంచం మీద పడుకుంటారు. మొదటి నంబరువాడు కళ్ళు తెరుచుకునే నిద్రపోతాడు. హనాదాకు నిద్ర పట్టదు. ఎదుటివాడి మీంచి చూపు మరల్చకూడదు కాబట్టి మొదటి నంబరు కూర్చున్నచోటే ప్యాంటులో పోసేస్తాడు, అదీ తన వృత్తి నైపుణ్యం అన్నట్టు. హనాదా ఆ మనిషిని అసహ్యంతో చూస్తాడా? లేదు. అభిమానంతో, ఇది నాకు రాదే అన్న దిగులుతో చూస్తాడు.

ఈ భాగం సాగిందని, సినిమా ఇక్కడ చప్పబడిందని అనేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో సినిమా ఉన్నదే ఇక్కడ. మా హాస్టల్లో లైటు కథ తెలిసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, పైర్యాంకు వాడి శక్తి వాడి తెలివిలో ఉండదు, వాణ్ణి చూసి కింది ర్యాంకు వాడు చేసుకునే ఊహలో ఉంటుంది. మొదటి నంబరు చేసిందల్లా హనాదాను నిద్రపోనివ్వకుండా ఉండటం. చివర్లో ఆ సంగతి టేప్ రికార్డర్ ద్వారా అతనే చెప్తాడు, అలిసిపోయేలా చేసి చంపడమే మొదటి నంబరు పద్ధతి అని.

ఆఖరి ఘట్టం ఖాళీ బాక్సింగ్ రింగులో. హనాదా తలకు కట్టుకున్న పట్టీ గుండును ఆపుతుంది. తిరిగి కాలుస్తాడు, మొదటి నంబరు పోతాడు. తానే నంబర్ వన్ అని అరుస్తూ గెంతుతాడు. మిసాకో చంకకర్రల సాయంతో నడుచుకుంటూ లోపలికి వస్తుంది. చప్పుడు విని తిరిగి ఎవరో చూడకుండానే కాల్చేస్తాడు. రింగు తాళ్ళ మధ్య తూలి, కింద పడిపోతాడు. దీపాలు ఆరిపోతాయి. ఇందులో అర్థం కానిది ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆడవాళ్ళ విషయంలో మాత్రం నేను ఈ సినిమాని వెనకేసుకు రాలేను. మామి సినిమాలో సగం సేపు ఒంటి మీద బట్ట లేకుండా తిరుగుతుంది, దెబ్బలు తింటుంది, ఆ దెబ్బలు కూడా నవ్వు కోసమే. మిసాకోకు మనసంటూ పెద్దగా లేదు, గది గోడల నిండా చచ్చిన సీతాకోకచిలుకలు ఉన్నాయి. అదంతా మగవాడి ర్యాంకు పిచ్చి మీద ఎగతాళే కదా అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. ఎగతాళి మగవాడి మీద అయినప్పుడు తన్నులు ఆమెకెందుకు? మొదటిసారి నవ్విన చోట మూడోసారి నవ్వు రాలేదు.

ఇక సుజుకి సంగతి. కల్ట్ దర్శకుడు అనగానే పొడుగు జుట్టు, తిరుగుబాటు, సొంత డబ్బుతో సినిమా అని ఊహించుకుంటాం. ఈయన నెలజీతం ఉద్యోగి. 1948లో షోచికు స్టూడియోలో సహాయకుడిగా చేరి, 1954లో నిక్కత్సుకు మారి, 1956 నుంచి 1967 వరకు నలభై సినిమాలు తీశాడు. ఇది నలభయ్యోది. నిక్కత్సు అప్పట్లో ఒకే టికెట్ మీద రెండు సినిమాలు చూపించేది. పెద్ద హీరోది ఒకటి, దాని పక్కన నింపడానికి ఇంకొకటి. సుజుకి ఎక్కువగా ఆ రెండో రకం తీసేవాడు. స్క్రిప్టు స్టూడియో ఇస్తుంది, నటుల్ని స్టూడియో ఇస్తుంది, షూటింగ్‌కి ఇరవై అయిదు రోజులకు కాస్త అటూఇటూ. ఒకేలాంటి గ్యాంగ్‌స్టర్ కథలు పదే పదే తీయాల్సి వచ్చినవాడికి విసుగు పుట్టకపోతే ఆశ్చర్యపడాలి. విసుగు తీర్చుకోడానికి గోడల రంగులు మార్చాడు, కథల్లో లింకులు కత్తిరించాడు. 1966లో రంగుల్లో తీసిన ఒక గ్యాంగ్‌స్టర్ సినిమాకి హద్దు మీరాడని, తర్వాత సినిమాలకు రంగు ఇవ్వకుండా నలుపు తెలుపుకే పరిమితం చేశారు. ఈ సినిమాలో అందరూ మెచ్చుకునే ఆ నలుపు తెలుపు అందం నిజానికి ఒక పనిష్మెంట్.

స్క్రిప్టు సంగతీ అంతే. స్టూడియో మొదట అనుకున్నది పనికిరాదని, ఉన్నపళంగా కొత్తది రాయమంది. ఎనిమిదిమంది కలిసి రాశారు, ‘గుర్యూ హచిరో’ అనే ఒకే మనిషి పేరు పెట్టుకున్నారు. హచి అంటే జపనీస్‌లో ఎనిమిది. ఆ ఎనిమిదిమందిలో ఒకరైన అత్సుషి యమతోయా సినిమాలో నాలుగో నంబరు హంతకుడి వేషం వేసి, టైటిల్ పాట కూడా పాడాడు. డబ్బులు తక్కువైతే మన దగ్గర కూడా ఇలాగే జరుగుతుంది. ఎడిటింగ్ ఒక రోజులో అయిపోయింది. డబ్బింగ్ విడుదలకు ముందురోజు పూర్తయింది. 1967 జూన్‌లో విడుదలై పోయింది, జనం రాలేదు.

సుజుకి వెనక ఇంకో కథ ఉంది, అది తెలిశాక ఈ సినిమాలోని నవ్వు వేరేగా వినిపిస్తుంది. 1943లో అతన్ని సైన్యంలోకి పట్టుకెళ్ళారు. ఫిలిప్పీన్స్, తైవాన్ వైపు వెళ్తూ ఉన్న ఓడలు మునిగి సముద్రంలో తేలాడు. నీళ్ళలోంచి తాడుతో పైకి లాగుతుంటే మనుషుల తలలు ఓడ పక్కకు ఠంగు ఠంగున కొట్టుకుంటుంటే బొప్పిలు లెక్కపెట్టి నవ్వుకున్నానని ముసలితనంలో చెప్పేవాడు. చావు అతనికి ఎప్పుడూ ఇలాగే కనిపించింది, గంభీరంగా మొదలై ఏదో ఒక చోట తల గోడకు తగిలేలా.

1968 ఏప్రిల్‌లో కంపెనీ సెక్రటరీ ఒకరు ఫోన్ చేసి, ఈ నెల మీకు జీతం రాదని చెప్పారు. అలా తెలిసింది ఉద్యోగం పోయిందని. హనాదాకు కూడా చెడు కబురు ఫోన్లోనే వస్తుంది. నిక్కత్సు అధిపతి క్యూసాకు హోరి, సుజుకి సినిమాలు ఎవరికీ అర్థం కావు, డబ్బు రాదు అన్నాడు. అదే సమయంలో కజుకో కవాకిత నడిపే ఒక సినీక్లబ్ సుజుకివి 37 సినిమాలు వరసగా చూపించాలనుకుంది. స్టూడియో ప్రింట్లు ఇవ్వనంది. విద్యార్థులు వీధిలోకి వచ్చారు, తోటి దర్శకులు వచ్చారు. సుజుకి కోర్టుకెళ్ళాడు. 1971 డిసెంబర్‌లో రాజీ కుదిరింది: పది లక్షల యెన్లు, ఒక క్షమాపణ. గెలిచాడన్నమాట. గెలిచినవాడికి మిగతా స్టూడియోలు కూడా పని ఇవ్వలేదు. పదేళ్ళు సినిమా లేదు, టీవీ ప్రకటనలు తీసుకుంటూ, వ్యాసాలు రాసుకుంటూ గడిపి, 1977లో మళ్ళీ తీశాడు.

విప్లవకారుడిగా అతన్ని నిలబెట్టాలని చాలామంది చూశారు. ఎవరడిగినా, సినిమా సరదాగా ఉండాలని అలా తీశాను అనేవాడు. ఆ మాటను వినయం అనుకుని పక్కన పెట్టేశారు. నేను యథాతథంగా తీసుకుంటాను. లైటర్ మూతలోంచి కాల్చడం సరదా, అందుకే పెట్టాడు. వాష్‌బేసిన్ హత్య ఎంత సరదా అంటే 1999లో ఒక అమెరికన్ దర్శకుడు తన హంతకుడి చేత అదే పని, అదే గొట్టంతో చేయించాడు.

2022లో నిక్కత్సు తన నూట పదో ఏట ఈ సినిమాని నెగెటివ్ నుంచి 4కేలో శుభ్రం చేయించి వెనిస్ చిత్రోత్సవానికి పంపింది. పాత సినిమాల విభాగంలో ఉత్తమ పునరుద్ధరణ బహుమతి వచ్చింది. మొదటి ర్యాంకన్నమాట. సుజుకి పోయి అప్పటికి అయిదేళ్ళు, షిషిదో పోయి రెండేళ్ళు. బహుమతి స్టూడియో తీసుకుంది.